తుడిచిన నాణెం

నాణెం దొరికిందన్న వార్త నాకంటే ముందు మా అత్తగారికి తెలిసింది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి అది దొరికింది. ఆరుంబావుకల్లా మా తోడల్లుడు అత్తగారికి ఫోన్ చేశాడు. ఆరున్నరకి అత్తగారు మా ఆవిడకి చేసింది. మా ఆవిడ మాత్రం నా భోజనం సగమయ్యేదాకా ఆగి అప్పుడు చెప్పింది.

"మా చెల్లెలి మొగుడు కనిపెట్టేశాడటండీ. నెలాఖరుకి వాళ్ళాఫీసులో పై కుర్చీ ఖాళీ అవుతోందిగా, ఇంక అది ఆయనకేనట."

"ఎక్కడ దొరికిందట?"

"ఎవరో గడియారాలు రిపేరు చేసే ఆయన కొట్లో."

ఆ గడియారాలాయనే నా క్లయింటు. నాకు ఇంక ముద్ద దిగలేదు.

శనివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మా మరదలు వచ్చి వెళ్ళిపోయింది. ఎందుకొచ్చిందంటే "ఊరికే" అంది మా ఆవిడ. మా ఇంటికి ఊరికే వచ్చే మనిషి కాదు మా మరదలు. అయినా రెట్టించలేదు. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అదే.

మా తోడల్లుడి గురించి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్తే కావాలని చెప్పానంటారు. వాడు ఆ నాణేనికి ఇన్సూరెన్సు చేసిన కంపెనీలో దర్యాప్తు ఆఫీసరు. డిగ్రీ ఉంది, కారుంది, నోట్లో ఎప్పుడూ ఓ నవ్వుంది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. బట్టల ఇస్త్రీ కొట్టు పైన ఒక గదీ, ఓ బోర్డూ, సొంత డిటెక్టివ్ పనీ. పదకొండేళ్ళుగా అత్తగారింట్లో ఫ్యాను కింద కుర్చీ వాడిది, గుమ్మం పక్క కుర్చీ నాది. గుమ్మం దగ్గరే కూర్చుంటాను కాబట్టి వాడి రాక ప్రతిసారీ కళ్ళారా చూస్తాను. మెట్టు మీద ఓ కాలు పెడతాడు. జేబులోంచి పసుపు గుడ్డ తీసి బూటు తుడుస్తాడు. రెండో కాలు పెట్టి రెండోది తుడుస్తాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని అప్పుడు లోపలికొస్తాడు. అత్తగారు మురిసిపోతుంది.

ఆ గుడ్డ కుట్టింది మా ఆవిడే. ఆరేళ్ళ కింద ఓ మెత్తటి పసుపు గుడ్డని సగానికి కోసి, అంచులకి ఎర్రదారం వేసి, అల్లుళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చింది. వాడిది రోజూ బూట్లు తుడుస్తోంది. నాది బీరువాలో ఉంది. నేను చెప్పుల మనిషిని.

పది కొట్టేసరికి నేను ఆ నాణెం సొంతదారు, నాణేలు పోగుచేసే పెద్దాయన ఇంటి మెట్లెక్కుతున్నాను. వరండాలో తోడల్లుడు ఎదురొచ్చాడు.

"రా అన్నయ్యా! నీ కోసమే చూస్తున్నా," అంటూ అందరిముందూ కౌగిలించుకున్నాడు. "ఏంటిది, జేబు మూత బయటికొచ్చేసింది? కోటన్నాక కాస్త చూసుకోవాలి." చిన్నపిల్లాడికి సర్దినట్టు నా కోటు సర్దాడు. వరండాలో కానిస్టేబులు ముసిముసిగా నవ్వుకున్నాడు. ఒళ్ళు మండి తలదించుకున్నాను. తలదించడం వల్ల ఒకటి కనిపించింది. వాడి బూట్ల మీద దుమ్ముంది. పదకొండేళ్ళలో ఆ బూట్ల మీద దుమ్ము చూడటం అదే మొదటిసారి.

"ఏం తమ్ముడూ, బూట్లు తుడవలేదా ఇవాళ?"

"తీరికెక్కడ అన్నయ్యా? పనున్నవాళ్ళకి ఎన్ని తిప్పలో నీకేం తెలుస్తుంది?"

నవ్వి లోపలికెళ్ళాడు. అది సంతోషపు చురక అనుకున్నాను.

లోపల హాల్లో ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి, ఎవరేం చెప్పినా ఆవలింత మింగుతూ వింటాడు. పక్కన ముక్కాలి పీట మీద నా క్లయింటు. అతను నాణేల పెద్దాయన సొంత తమ్ముడు. రాత్రంతా స్టేషన్లో ఉంచినట్టున్నారు, చొక్కా నలిగిపోయి ఉంది. ఎదురుగా సోఫాలో అన్నగారు, అంటే పెద్దాయన, తమ్ముడి వైపు చూడకుండా గోడకేసి చూస్తున్నాడు.

"డిటెక్టివూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "పదకొండున్నరకి ఇతన్ని కోర్టులో పెట్టాలి. నీ దగ్గరేమైనా ఉంటే పదకొండులోపు చెప్పు. లేదంటే ఓ కాఫీ తాగి వెళ్ళు."

గంట టైము. జరిగింది ఇదీ. గురువారం పొద్దున పెద్దాయన తన బంగారు నాణేన్ని వేలంపాటకి పంపడానికి సిద్ధం చేశాడు. వెలకట్టే ఆయన వచ్చాడు. అతన్ని అందరూ భూతద్దం అంటారు, అలాగే పిలిచినా పలుకుతాడు. పది నలభైకి నాణెం తూచాడు, పది నలభై రెండుకి పుస్తకంలో రాశాడు. మఖమల్ పళ్ళెంలో పెట్టి, అన్నదమ్ములతో వెనక వరండాలోకి కాఫీకి వెళ్ళాడు. పదకొండూ అయిదుకి తిరిగొస్తే పళ్ళెం ఖాళీ. మధ్యలో పది యాభైకి తమ్ముడు ఒక్కడే అయిదు నిమిషాలు లేచి వెళ్ళాడు. నిన్న సాయంత్రం అదే నాణెం ఆ తమ్ముడి కొట్లో దొరికింది.

"నువ్వు తియ్యలేదు కదా?" అని అతన్ని నేను శుక్రవారం పొద్దునే అడిగాను. ఇప్పుడు అందరిముందూ మళ్ళీ అడిగాను.

"తియ్యలేదు."

"అయిదు నిమిషాలు ఎక్కడికెళ్ళావు?"

"మొహం కడుక్కోడానికి. అన్నయ్య దాన్ని అమ్మేస్తానంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడి ముందు ఏడవడం ఇష్టంలేక లేచాను."

"నటన!" అన్నాడు పెద్దాయన గోడతోనే. "ముప్పై ఏళ్ళుగా దాని మీదే కన్ను వీడికి. నాన్న మంచిది నాకిచ్చాడనీ, అరిగిపోయింది వీడికిచ్చాడనీ."

"అవును, కన్నుంది," అన్నాడు తమ్ముడు. "కుళ్ళుంది. లేదని ఎవరన్నారు? ఎన్నోసార్లు ఎత్తుకుపోవాలనిపించింది. ఒట్టు. కానీ దాన్ని తుడవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు రా అన్నయ్యా!"

తుడవడమేంటో నాకర్థం కాలేదు. నా మొహం చూసి భూతద్దం లేచాడు. "రండి, చూపిస్తా," అన్నాడు.

నాణేల గది చిన్నది. కిటికీకి ఇనప చువ్వలు. గోడ పొడవునా సన్నటి సొరుగుల బీరువా. మధ్యలో బల్ల, దాని మీద దీపం, త్రాసు, మఖమల్ పళ్ళెం. గదికి రెండు తలుపులు. ఒకటి వెనక వరండా వైపు, రెండోది ముందుగది వైపు. ముందుగది తలుపు గడియ వేసి ఉంది.

"గురువారం ఈ గడియ వేసుందా?"

"ఏమో, చూళ్ళేదు. పగలు తీసే ఉంచుతారట," అన్నాడు భూతద్దం. పళ్ళెంలో రెండు నాణేలు పెట్టి దీపం వంచాడు. "ఎడమది తమ్ముడిది. వాళ్ళమ్మ మెళ్ళో వేసుకునేదట. పైన కన్నం వేసి పూడ్చారు, చూడండి. రాజు ముక్కు అరిగిపోయింది. కుడివైపుది అన్నగారిది, నిన్న దొరికింది. ఏది బావుంది?"

"కుడిదే. తళతళలాడుతోంది."

"అదే వచ్చింది చిక్కు." భూతద్దం మొహం శవం పక్కన నిలబడ్డవాడి మొహంలా ఉంది. "ఈ రకం తెలిసినంతలో మూడే మూడున్నాయి. ఒకటి మ్యూజియంలో ఉంది, బయటికి రాదు. మిగిలినవి ఈ అన్నదమ్ములవి. బంగారం తూకానికి చూస్తే రెండూ ఒకటే, లక్షో లక్షన్నరో. మూడే ఉన్నాయి కాబట్టి తమ్ముడి దానికి, ఆ కన్నంతోనే, ఆరు లక్షలు పలుకుతుంది. అన్నగారిది ఎవరూ వాడలేదు. టంకశాలలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండేది. పైన ఒక తేనెరంగు పొర ఉండేది. రెండొందల ఏళ్ళు గాలి తగిలి దానంతటదే వచ్చిన పొర అది. ఎవరూ చెయ్యలేరు, కొనలేరు. దానితో కలిపి తొంభై లక్షలు."

"ఇప్పుడు?"

"ఎవడో గుడ్డతో తుడిచాడు. గట్టిగా. పొర పోయింది, గీతలు పడ్డాయి. పదిహేను వస్తే గొప్ప. మళ్ళీ తూచాను, తూకం వెంట్రుకంతైనా తగ్గలేదు. విలువ ఒక్కటే పోయింది."

ఆయన అద్దం కంటికి పెట్టుకుని వంగాను. నున్నగా ఉందనుకున్న చోట సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. నాణేన్ని పట్టుకోబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

"అంచు! రెండు వేళ్ళతో అంచు పట్టుకోవాలి. మొహం మీద వేలు పెడితే మీరూ వాడి బాపతే."

అంచు పట్టుకున్నాను. అక్షరాల సందుల్లో గోధుమరంగు మరకలున్నాయి.

"ఇదేంటి?"

"మైనం. నిన్నే చెప్పాను, మీ తోడల్లుడి గారికీ ఇన్‌స్పెక్టరుకీ. గడియారాలవాళ్ళ దగ్గర మెరుగుపెట్టే మందు ఉంటుంది కదా, అదే అన్నారు మీ తోడల్లుడు. వాళ్ళ మందు ఎర్రగా ఉంటుంది, చక్రం మీద పెడతారు, గీతలు గుండ్రంగా పడతాయి. నేనన్నది ఎవరు విన్నారు?"

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ప్రతి పండక్కీ పబ్బానికీ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని పీల్చిన వాసన.

బూటు పాలిష్.

గుండె ఒక్కసారి గంతేసింది. నిజం చెప్తున్నాను, అది నిజం తెలిసినందుకు వేసిన గంతు కాదు. వాడు దొరికాడన్న ఆనందం. ఆ వెంటనే భయం కూడా వేసింది. నేను ఈ మాట నోరు తెరిచి అంటే, వినేవాడెవడైనా ముందు నా చెప్పులు చూస్తాడు, తర్వాత వాడి కారు చూస్తాడు. కుళ్ళుబోతు మాటలంటాడు. నేనే అయితే అదే అనుకుంటాను.

టైము పదీ ఇరవై అయిదు. వంటగదిలోకి వెళ్ళాను. పెద్దాయన భార్య గిన్నెలు తుడుస్తోంది.

"అమ్మా, గురువారం ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎన్నిసార్లు చెప్పాలి బాబూ? ఆయనా, మరిదీ, ఆ అద్దాలాయనా, నేనూ. మీ తోడల్లుడు గారు లిస్టు రాసుకున్నారుగా."

"కాఫీ ఎన్ని కప్పులు పెట్టారు?"

"అయిదు."

"మీరు నలుగురు కదమ్మా."

చేతిలో గిన్నె ఆపి నాకేసి వింతగా చూసింది. "మీ తోడల్లుడు గారికి ఇవ్వొద్దా మరి? వేలంపాట కదా, కొత్త ఇన్సూరెన్సు కాయితాల మీద సంతకం కోసం పదిన్నరకి వచ్చారు. ఆయన సంతకం చేసి లోపలికెళ్ళారు. ఈయన ముందుగదిలో కాసేపు కూర్చుంటానంటే పది నలభై అయిదుకి కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. పావుగంటాగి కప్పు కోసం వెళ్తే మనిషి లేడు. కప్పు నిండా అలాగే ఉంది, చల్లారిపోయి. మంచి కాఫీ పారబోశాను."

"మరి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేంటమ్మా?"

"రాసుకుంటున్నది ఆయనే కదా! ఆయన వచ్చిన సంగతి ఆయనకి తెలియదా?"

ముందుగది. ముందుగదిలోంచి నాణేల గదికి తలుపు.

హాల్లోకి తిరిగొచ్చేసరికి భూతద్దం నాణేల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు, ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. నేను నిలబడే అడిగాను.

"తమ్ముడూ, గురువారం ఎన్నింటికొచ్చావు ఇక్కడికి?"

"ఫోన్ రాగానే. పదకొండున్నర."

"అంతకు ముందు?"

ఒక్క క్షణం. ఆ నవ్వు ఎక్కడికో పోయి మళ్ళీ వచ్చింది. "ఓ, అదా. సంతకానికి వచ్చి, వెంటనే వెళ్ళిపోయా. లిస్టులో రాయడానికి అదేమన్నా విశేషమా?"

"వెంటనే అంటే కాఫీ చల్లారిందాకనా?"

"అన్నయ్యా..."

"నిన్న కొట్లో సోదా చేశారుగా. ఎన్ని గడియారాలుంటాయి మేస్త్రీ నీ కొట్లో?"

"రిపేరుకొచ్చినవి నూట ఎనభై," అన్నాడు నా క్లయింటు. "చెడిపోయినవి ఓ సొరుగు నిండా."

"నాణెం ఎక్కడ దొరికింది?"

"చెడిపోయినవాటి సొరుగులోనే, అడుగున."

"వెతకడానికి ఎంతసేపు పట్టింది ఇన్‌స్పెక్టరు గారూ?"

ఇన్‌స్పెక్టరు ఈసారి ఆవలించలేదు. "మూడు నిమిషాలు. ఈయనే తిన్నగా వెళ్ళి తీశాడు."

"అనుభవం!" అన్నాడు తోడల్లుడు.

"నిన్న మధ్యాహ్నం రెండింటికే ఈయన నా కొట్టుకొచ్చాడు," నా క్లయింటు పీట మీంచి లేచాడు, కానిస్టేబులు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "గడియారం పట్టీ మార్చమన్నాడు. లోపలి గదిలోంచి పట్టీ తెచ్చేసరికి కౌంటరు ఇవతలికొచ్చి నిలబడి ఉన్నాడు!"

పెద్దాయన మొదటిసారి గోడ మీంచి చూపు తిప్పాడు.

తోడల్లుడు గట్టిగా నిట్టూర్చాడు. కోప్పడలేదు, అరవలేదు. పాపం అన్నట్టు నాకేసి చూశాడు. ఆ చూపే నన్ను ఎక్కువ కాల్చింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, మా ఇంటి సంగతి మీ ముందు పెట్టాల్సి వస్తోంది, సిగ్గుగా ఉంది. నేను కారు కొన్న రోజు అన్నయ్య భోజనం చెయ్యలేదు. నాకు ఉద్యోగం ఖాయమైన రోజు మాట్లాడలేదు. ఇప్పుడు పై కుర్చీ వస్తుందని తెలిసి ఇదీ వరస. అవునా కాదా అన్నయ్యా? కారు కొన్న రోజు తిన్నావా?"

తినలేదు. కడుపునొప్పి అన్నాను ఆ రోజు.

"అడుగుతున్నాగా, తిన్నావా?"

"తినలేదు," అన్నాను.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అప్పటిదాకా నావైపు మొగ్గిన గది అంతా ఆ ఒక్క మాటతో అటు తిరిగిపోయింది. నా క్లయింటు కళ్ళు మూసుకున్నాడు.

"నాణేన్ని ఏదో గుడ్డతో తుడిచారని నిపుణులు చెప్పారు," తోడల్లుడు లేచి నిలబడ్డాడు. "మంచిది. ఇక్కడున్న మగవాళ్ళందరి జేబులూ చూడండి. ముందు నావే."

రాసేందుకని పెన్సిలు కోసం అప్పుడే నా చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. పెన్సిలు దొరకలేదు. మెత్తగా, జిడ్డుగా, మైనపు చెమటలా ఏదో వేలికి తగిలింది. చూడక్కర్లేదు. అంచు మీద దారపు కుట్లు తెలుస్తున్నాయి. పొద్దున కౌగిలింత. జేబు మూత.

తోడల్లుడు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. పర్సు పెట్టాడు. చివరికి చక్కగా మడిచిన పసుపు గుడ్డ పెట్టాడు. "బూట్లు తుడుచుకునేది. మా వదిన కుట్టిచ్చింది, ఆరేళ్ళుగా నా జేబులోనే ఉంటుంది. బాగా చూడండి, ఒక్క మచ్చ ఉందేమో. మైనం ఉందా? బంగారపు రజను ఉందా? శుభ్రంగా ఉంది." నావైపు తిరిగాడు. "ఇక అన్నయ్య."

ఇన్‌స్పెక్టరు లేచాడు. "జేబులు," అన్నాడు.

పారిపోవాలనిపించింది. కిటికీ ఎంత దూరమో కూడా చూశాను. ఆ క్షణంలో నా చేతి మీద భూతద్దం కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. రెండు వేళ్ళతో, అంచు పట్టుకుని, నా జేబులోంచి ఆ గుడ్డ బయటికి తీశాను. దాన్ని మొదటి గుడ్డ పక్కన పరిచాను.

అదే పసుపు. అదే ఎర్రదారం. నిండా గోధుమరంగు మైనం.

"అయ్యో అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. గొంతు నిజంగానే బొంగురుపోయింది. వాడు గొప్ప నటుడు, ఆ సంగతి మా అత్తగారింట్లో నాకొక్కడికే తెలుసు. "గడియారాలాయనతో కుమ్మక్కయ్యావా?"

కానిస్టేబులు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాను. "భూతద్దం గారూ, మీరు నాణేలు చూసినట్టే ఈ రెండిట్నీ చూడండి. ఎవరివని అడగను. వాటి స్థితి చెప్పండి చాలు."

ఆయన కంటికి అద్దం పెట్టుకున్నాడు. గుడ్డల మీదికి వంగాడు. నాణేల మీదైనా అంతసేపు వంగి ఉండడేమో.

"రెండూ ఒకే గుడ్డ. మధ్యకి కోశారు, కోత కలుస్తోంది," అన్నాడు. "ఈ మైనం ఉన్నది ఏళ్ళ తరబడి వాడింది. నడిమి నూలు పలచబడిపోయింది, వేళ్ళు పట్టే చోట అరిగింది. అక్షరాల సందుల్లో ఉన్న మైనం రంగే ఇదీ." రెండోది ఎత్తి వాసన చూశాడు. "ఇది... ఒక్కరోజు కూడా వాడలేదు. మడత దగ్గర గీత ఎలా గట్టిపడిందో చూడండి. ఏళ్ళు మడతలోనే ఉంది. కలరా ఉండల వాసన. బీరువాలోంచి కొత్తగా తీసింది."

"అయితే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆరేళ్ళుగా జేబులో ఉందన్నారు కదండీ ఈయన. ఆరేళ్ళు బూట్లు తుడిచిన గుడ్డకి ఈ స్థితి ఉండదు. ప్రపంచంలో ఎక్కడా ఉండదు."

నేను కాలు ముందుకి పెట్టాను. "ఇన్‌స్పెక్టరు గారూ, నావి చెప్పులు. పుట్టి నలభై తొమ్మిదేళ్ళు, బూటు తొడగలేదు. నాకు పాలిష్ ఎందుకు?"

ఇన్‌స్పెక్టరు నా చెప్పులు చూశాడు. తర్వాత తోడల్లుడి బూట్లు చూశాడు, వాటి మీది దుమ్ము చూశాడు. జీవితంలో మొదటిసారి ఎవరో నా చెప్పులు చూసిన తర్వాత నా మాట నమ్మబోతున్నారు.

శుభ్రంగా ఉంటే చాలనుకున్నాడు వాడు. నాణేన్ని వేలిముద్రలు పోవాలని తుడిచాడు. ఎత్తుకుపోయేవాడు చేసే పని అది, నాణేలు ఎరిగినవాడు చచ్చినా చెయ్యడు. నిన్న మైనం బయటపడగానే మచ్చలేని గుడ్డ ఒకటి సంపాదించాడు. దానికి మచ్చ పడుతుందని ఇవాళ బూట్లు కూడా తుడవలేదు. దాచి రెండ్రోజుల్లో వెతికి తెస్తే కుర్చీ వస్తుందనుకున్నాడే గానీ, తన చేత్తోనే డెబ్బై అయిదు లక్షలు తుడిచేశానని అప్పుడు వాడికి తెలియదు.

"ఆ బీరువా గుడ్డ ఎవరిది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాది అనుకుంటా. వీడి దగ్గరికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళని అడుగుదాం."

"అన్నయ్యా, వద్దు," అన్నాడు తోడల్లుడు. నవ్వు లేదు. "ఇంటిదాకా వెళ్ళకు. బయట తేల్చుకుందాం."

ఫోన్ తీసి మా ఆవిడకి కలిపాను. అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాను.

"ఏంటండీ?"

"బీరువాలో నా పసుపు గుడ్డ ఉందా?"

"అయ్యో, అప్పుడే చూసేశారా?" నవ్వుతోంది. దానికేం తెలుసు పాపం. "పొద్దున చెల్లి పట్టుకెళ్ళింది. వాళ్ళాయనది ఎక్కడో పోయిందట, ఆఫీసుకి టైమవుతోందని కంగారుపడ్డాడట. మీరెటూ వాడరుగా అని ఇచ్చేశాను. మీకు చెప్తే ఇదో గొడవ చేస్తారని చెప్పలేదు. గుడ్డ ముక్కకి కూడా అసూయేనా అండీ?"

కానిస్టేబులు నా మోచెయ్యి వదిలాడు. రెండడుగులు వేసి తోడల్లుడి మోచెయ్యి పట్టుకున్నాడు.

పీట మీంచి నా క్లయింటు లేచాడు. ఈసారి ఎవరూ కూర్చోబెట్టలేదు. పెద్దాయన తమ్ముడికేసి చూసి, పళ్ళెంలోని రెండు నాణేల వైపు చూశాడు.

"నాది కూడా ఇంక నీదానిలాంటిదే రా," అన్నాడు చివరికి.

"నీది ఇంకా తొమ్మిది లక్షలెక్కువే," అన్నాడు తమ్ముడు. ఏడుస్తూనే అన్నాడు.

గుమ్మం దగ్గర తోడల్లుడు ఆగాడు. అలవాటు చొప్పున చెయ్యి జేబులోకి వెళ్ళి, ఖాళీగా బయటికొచ్చింది. నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇవాళ రాత్రికి అత్తగారింట్లో ఎవరు దోషో చూద్దువుగాని అన్నయ్యా. మా ఆవిడ ఏడుస్తుంది. మీ ఆవిడ చేత్తో ఇచ్చిన గుడ్డతోనే నన్ను పట్టించావని చెప్తుంది. మీ ఆవిడకి నువ్వు కావాలో చెల్లెలు కావాలో తేల్చుకోమను."

మెట్లు దిగిపోయాడు. బల్ల మీద ఫోను ఇంకా ఆగలేదు. "ఏవండీ? ఎవరది? ఎవరిని పట్టుకున్నారు?" అంటోంది మా ఆవిడ. గొంతులో నవ్వు పోయింది. "మాట్లాడరేం? ఏవండీ!"

దాని గొంతుకి అడ్డంగా ఇంకో ఫోను వస్తున్న చప్పుడు. తెర మీద అత్తగారి పేరు. పదకొండేళ్ళలో మొదటిసారి, ఆవిడకంటే ముందు నాకు తెలిసిన వార్త. చెప్పడానికి నోరు రాలేదు.